రెండో రిమోట్

"నడిపేటోనికి హెల్మెట్ ఉంటది గానీ, ఎన్క కూసున్నోనికి ఉంటదా?"

మా తమ్ముడు సురేష్ పోయాక మా ఇంటికి వచ్చిన వాళ్ళందరూ ఈ మాట ఏదో ఒక రూపంలో అన్నారు. మొదట అన్నది మా ఆయన రామకృష్ణ, దవాఖానా మెట్ల మీద. తరువాత నాచారంలో మా గల్లీ అంతా అంది. అనకుండా ఉన్నది నేనొక్కదాన్నే. అనుమానం లేక కాదు. బడిలో లెక్కల టీచర్‌ని. ఒక పిల్లవాణ్ణి అందరి ముందు దొంగ అన్నాక, పోయిన పెన్సిల్ మరొకరి సంచీలో దొరికినా ఆ పిల్లవాడి మొహం మళ్ళీ మామూలుగా ఉండదు. అది చూసినదాన్ని గనక నోరు కట్టేసుకున్నాను.

జరిగింది చెబుతాను. సకల జనుల సమ్మెలో బస్సులు బంద్ అయిన రోజులవి. సురేష్ ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ దగ్గర పనిచేసేవాడు. నారపల్లిలో కొత్తగా కడుతున్న ఇళ్ళకు వైరింగ్ చూడటానికి తన బండి మీద వెళ్ళాడు. తోడుగా, వాణ్ణి అన్నా అని పిలిచే చిన్నప్పటి స్నేహితుడు బాలరాజు వెళ్ళాడు. తిరిగి వస్తుంటే వరంగల్ రోడ్డు పక్కన ఎవరో పోసి వదిలేసిన కంకర మీద బండి జారింది. సురేష్ తలకు దెబ్బ తగిలింది. బాలరాజుకు మోకాలు చిట్లింది. బాలరాజు తల మీద హెల్మెట్ ఉంది. అది నేను సురేష్‌కి కొనిచ్చిన నీలం హెల్మెట్.

బండి ఎవరు నడిపారని అడిగితే బాలరాజు "అన్ననే" అన్నాడు. హెల్మెట్ నీ తల మీదికి ఎట్లా వచ్చిందంటే "అన్ననే పెట్టుకోమన్నడు" అన్నాడు. పక్కన చూసినవాళ్ళు ఎవరూ లేరు.

వరంగల్ రోడ్డు మీద నారపల్లి దాటాక ఉన్న పోలీస్ స్టేషన్లో ఎస్సై మాతో మర్యాదగానే మాట్లాడాడు.

"మీకు అనుమానముంటే రాసియ్యండి మేడం. రక్తసంబంధం మీరే గనక మీ సంతకం గావాలె. రాసిస్తే ఆ పిలగాడే నడిపిండని కేసు కడ్తం. లేకుంటే పోయినాయనే నడిపిండని రాసి ఫైల్ మూసేస్తం."

బాలరాజుకు ఏఎస్ రావు నగర్ దగ్గరి పెద్ద ఎలక్ట్రానిక్స్ కంపెనీలో టెక్నీషియన్‌గా ఉద్యోగం వచ్చింది. పోలీసు వెరిఫికేషన్ ఒక్కటే మిగిలి ఉంది. కేసు పడితే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం సంగతి అటుంచినా, స్నేహితుణ్ణి చంపి అబద్ధమాడినవాడిగా ఈ గల్లీలోనే బతకాలి. ఒకవేళ నిజంగా వాడే నడిపి ఉంటే, నేను ఊరుకుంటే, నా తమ్ముడు తన చావుకు తానే కారణమైనవాడిగా కాగితాల్లో మిగిలిపోతాడు. నా సంతకం మీద ఆధారపడి ఉన్నది ఇదీ.

దినాలు అయిపోయిన మరుసటి వారం మా ఆయన కాగితం రాసి తెచ్చాడు. చదివాను. ఒక వాక్యం దగ్గర ఆగాను. సదరు బాలరాజు చిన్ననాటి నుండి మృతుని వద్ద ఉన్నవి లాగుకొను స్వభావము గలవాడు అని ఉంది.

"ఇదేంది? సురేష్ దగ్గర వాడేం లాక్కున్నడు?"

"లైఫులు."

"ఏం లైఫులు?"

"టీవీ గేమ్‌ల. వానికి లైఫ్ దొంగ అని పేరు లేదా? గల్లీల ఎవర్నన్న అడుగు. ఆటల అడగకుంట లైఫ్ గుంజుకున్నోడు రోడ్డు మీద హెల్మెట్ గుంజుకోడా?"

"పోలీసోళ్ళకిచ్చే కాగితంల ఆట సంగతి రాస్తరా?"

"ఆట అని రాసిన్నా? స్వభావం అని రాసిన. బుద్ధి ఎక్కడికి పోతది అరుణా?"

నవ్వవలసిన మాటే. కాని నాకూ ఆ పేరు గుర్తుంది. మా ముందుగదిలో టీవీ చప్పుడు, కిటికీ దగ్గర ఎవరో "తీసుకున్నాడు, తీసుకున్నాడు" అని అరవడం, లోపలి గదిలో ట్యూషన్ పిల్లల ముందు కూర్చుని నేను విసుక్కోవడం గుర్తున్నాయి. ఆ ఆట మాత్రం ఎప్పుడూ కూర్చుని చూడలేదు. దొంగ అన్న మాట మీద సంతకం పెట్టాలంటే ఆ దొంగతనమేమిటో ముందు తెలియాలి. సమ్మె వల్ల బడి మూసి ఉంది. నా దగ్గర సమయం తప్ప మరేమీ లేదు.

కాగితం మడిచి మా ఆయనకే ఇచ్చాను. "జర ఆగు" అన్నాను.

మొదట ఫణీంద్ర దగ్గరికి వెళ్ళాను. ఒకప్పుడు మా పక్కింట్లో అద్దెకు ఉండేవాళ్ళు. వాళ్ళది రాజమండ్రి వైపు. నా దగ్గర ట్యూషన్ చదువుకున్నాడు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఉప్పల్ స్టేడియం వెనక ఫ్లాటు. కిటికీ దగ్గర అరిచిన గొంతు వాడిదే. బాలరాజుకు ఆ పేరు పెట్టిందీ వాడే.

సురేష్ గురించి రెండు మాటలు సరిగానే మాట్లాడాడు. ఆట మాట ఎత్తగానే మాత్రం మనిషి మారిపోయాడు.

"బ్రిడ్జి గేమా! మేడమ్, దాని మీద మేం ఇప్పటికీ కొట్టుకుంటున్నామంటే నమ్ముతారా? ఇంటర్నెట్లో మాకో గ్రూపు ఉంది, పాత టీవీ గేములు ఆడినవాళ్ళం. సగం మంది దానంత గొప్ప ఆట లేదంటారు. సగం మంది అంత నీచమైన ఆట ఇంకోటి లేదంటారు. మధ్యలో ఉండేవాడు ఒక్కడూ లేడు."

"ఎందుకట్లా?"

ఫణీంద్ర కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఆటలో ఇద్దరు మనుషులు, నీలం వాడు, ఎర్రవాడు. ఇద్దరూ కలిసి విరిగిన వంతెనలు దాటాలి. ఒకడు వెనకబడితే రెండోవాడికి తెర ముందుకు జరగదు. ఒక్కొక్కడి ప్రాణాలూ పైన చిన్న దీపాలుగా కనబడతాయి. లోయలో పడితే ఒక దీపం ఆరిపోతుంది.

"అయిదో బ్రిడ్జి దాకా అన్నదమ్ముల్లా వెళ్తారు మేడమ్. అక్కడ ఒకడి దీపాలు అయిపోతాయి. వాడు నడుమ బటన్ నొక్కాడా, పక్కవాడి దీపం ఎగిరొచ్చి వాడికి వెలుగుతుంది. అడగడం లేదు, పెట్టడం లేదు. ఆ గేమ్ మెచ్చుకునేవాళ్ళకి అదే గొప్ప. నాకైతే ఆ గేమ్ చేసినవాడికి తోడబుట్టినవాళ్ళు లేరేమో అనిపిస్తుంది."

ఆ మాట అన్నాక నన్ను చూసి తల దించుకున్నాడు.

"పర్వాలేదు, చెప్పు. బాలరాజు అట్లా తీసుకోవడం నువ్వు చూశావా?"

"ఎన్నిసార్లో! మీ కిటికీ దగ్గర నిలబడి చూసేవాణ్ణి. ఎర్రవాడు పడిపోయేవాడు, సురేష్ దీపం ఠక్కున తగ్గేది, ఎర్రవాడు లేచి కూర్చునేవాడు. సురేష్ నవ్వుతుండేవాడు. దోపిడీ జరుగుతుంటే నవ్వేవాణ్ణి వాణ్ణొక్కణ్ణే చూశాను."

"నువ్వు మా ఇంట్లో ఆడలేదా?"

"ఆడాను. ఫస్ట్ రిమోట్‌తోనే. రెండోది నేను పట్టుకునేవాణ్ణి కాదు. అది చిన్నపిల్లలకీ, చేతకానివాళ్ళకీ. బాలరాజుకి రాసిపెట్టి ఉండేది."

"నీ లైఫులు కూడా తీసుకునేవాడా?"

ఫణీంద్ర కాస్త ఆలోచించాడు. "మీ ఇంట్లో నావి పోలేదు. ఉప్పల్ రింగ్ రోడ్డు పక్కన గేమ్ షాపు ఉండేది చూడండి, అక్కడ నా లైఫులు తిననివాడు లేడు. అయినా మీరిప్పుడు ఎందుకడుగుతున్నారు?" మళ్ళీ తనే గొంతు మార్చి అన్నాడు. "ఆ గేమ్ క్యాసెట్ ఇంకా మీ దగ్గరుందా మేడమ్? ఉంటే నాకివ్వకూడదూ? ఇప్పుడు ఎక్కడా దొరకట్లేదు."

చూసి చెబుతానన్నాను. బయటికి వచ్చాక ఫణీంద్ర చెప్పినదంతా మళ్ళీ మనసులో నడిపించుకున్నాను. చూశానన్నాడు, కాని చూసింది టీవీ తెరను. వాడి కోపమంతా ఎక్కడో గేమ్ షాపులో పోగొట్టుకున్న దీపాలది. పైగా ఆ క్యాసెట్ కావాలి. కోపమూ కోరికా ఉన్నవాడి సాక్ష్యాన్ని ఎంతవరకు తీసుకోవచ్చు? అయినా అబద్ధం చెప్పాడని కూడా అనలేను.

అవి బతుకమ్మ పండుగ రోజులు. మా గల్లీ మొదట్లో ఆడవాళ్ళు పూలు పేరుస్తున్నారు. మాది మైలపడ్డ ఇల్లని ఎవరూ పిలవలేదు. నేనూ అటు చూడకుండా వచ్చాను. గేటు దగ్గర మానస నిలబడి ఉంది. చేతిలో గునుగుపూల కట్ట, దాన్ని వెనక్కి దాచుకుంటోంది.

మానస బాలరాజుకు మేనమామ కూతురు. కాప్రాలో ఒక ల్యాబ్‌లో పనిచేస్తుంది. చిన్నప్పుడు మా ఇంట్లోనే ఉండేది, టీవీ గేమ్ కోసం.

"అక్కా, లోపలికి రావొచ్చునా?"

"రా. పూలు దాస్తవెందుకు?"

లోపలికి వచ్చి కూర్చుంది. నేను ఫణీంద్ర దగ్గరికి వెళ్ళిన సంగతి అప్పటికే ఆమెకు తెలిసిపోయింది. ఎవరు చెప్పారో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

"ఫణిగాడేం జెప్పిండో నాకు ఎర్కే. వానికి ఆ గేమ్ అస్సలు తెల్వదక్కా. అండ్ల ఎవ్వరూ తీస్కోరు. ఇస్తరు."

"ఎట్లిస్తరు?"

"ఎట్లంటే... సురేషన్న ఇచ్చేటోడు. నేను సచ్చిపోతే 'గావాల్నా?' అని అడిగేటోడు. 'గావాలె అన్నా' అంటే 'పొయ్యి మంచినీళ్ళు తే పో' అనేటోడు. నీళ్ళు తెచ్చేదాంక ఇయ్యకపోతుండె. ఒక్కోసారి తెచ్చినంక గూడ ఇయ్యకపోతుండె, పాట పాడు అనేటోడు."

చెబుతూ నవ్వింది. ఎండాకాలంలో ఆ పిల్ల మాటిమాటికీ వంటింట్లోకి వచ్చి చెంబు ముంచుకుపోవడం గుర్తుంది.

"మరి బాలరాజు?"

"బావను ఏమడగకపోతుండె. పడ్డడంటే ఇచ్చుడే. మేం కొట్లాడుతుంటిమి, గీనికెందుకు ఉత్తగిస్తున్నవని."

ఆమె మాటలు వినడానికి బాగున్నాయి. అందుకే నాకు నమ్మకం కలగలేదు. మానసను బాలరాజుకే ఇస్తారని, దసరా తర్వాత మాట ఖాయం చేసుకుంటారని దినాలనాడే విన్నాను. ఆమె కాపాడుకుంటున్నది తన పెళ్ళినేమో. వెళ్ళేముందు చెప్పులు వేసుకుంటూ, "బావ తిండి తింటలేడక్కా" అంది. అది కూడా చెప్పమని ఎవరైనా పంపారా అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా ఆ అనుమానం పోలేదు.

ఒకే ఆట. ఒకరు దొంగతనం అంటారు, ఒకరు దానం అంటారు. ఇద్దరూ చూశామనే అంటారు. ఇక మిగిలింది నేను చూడటమే.

సజ్జ మీద నుంచి పెట్టె దించాను. బూడిదరంగు డబ్బా, దానికి రెండు రిమోట్లు, పసుపుపచ్చ క్యాసెట్. క్యాసెట్ మీద విమానం బొమ్మ ఉంది. ఆటలో విమానమే లేదట. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తల్లో కోఠీలో సురేష్ పట్టుబట్టి కొనిపించుకున్నాడు. అప్పటికి అమ్మానాన్నా లేరు, వాడు ఏం అడిగినా కాదనలేని రోజులు. వైర్లు వాడే చుట్టిపెట్టినట్టున్నాడు, చక్కగా మడత పెట్టి రబ్బరుబ్యాండు వేసి ఉన్నాయి. చాలాసేపు ఆ రబ్బరుబ్యాండు తీయలేదు.

మరునాడు పొద్దున మా ఆయన ఫ్యాక్టరీకి వెళ్ళాక బాలరాజును పిలిపించాను.

కుంటుతూ వచ్చాడు. చాప మీద మోకాలు ముడవలేక కాలు చాపుకుని కూర్చున్నాడు. టీవీ ముందున్న డబ్బా చూసి, ఆ తర్వాత నన్ను చూశాడు.

"ఆడదాం" అన్నాను.

"ఇప్పుడా అక్కా?"

"నాకు నేర్పు."

రెండు రిమోట్లూ చాప మీద పెట్టి ఉంచాను. మొదటిది కావాలనే వాడి చేతికి దగ్గరగా పెట్టాను. బాలరాజు దాన్ని దాటి చెయ్యి చాపి రెండోది తీసుకున్నాడు. తడబడలేదు, ఎంచుకోలేదు. నేను మొదటిది తీసుకున్నాను.

క్యాసెట్ పెడితే తెర మీద గీతలు తప్ప ఏమీ రాలేదు. తీసి ఊదాను.

"గట్ల గాదక్కా. అన్న పక్కకెళ్ళి ఊదేటోడు, ఎంగిలి పడొద్దని." తీసుకుని ఊది పెట్టాడు. పాట మొదలైంది. గోడ అవతలి నుంచి విన్న పాటే.

నాకు ఆడటం రాలేదు. రెండో వంతెన దగ్గరే నా నీలం మనిషి దీపాలన్నీ ఆర్పేసుకుని మాయమయ్యాడు.

"తీస్కో అక్కా" అన్నాడు బాలరాజు.

"ఏంది?"

"లైఫ్. నాయి ఉన్నయి గదా. నడుమ బటన్ ఒత్తు."

నొక్కాను. వాడి దీపం ఒకటి తగ్గింది. నా మనిషి లేచి నిలబడ్డాడు. బాలరాజు మొహం చూశాను. ఏ మార్పూ లేదు. నాలో అనుమానం మాత్రం మేలుకునే ఉంది. నేనెందుకు పిలిచానో వీడికి తెలియదా? పరీక్ష గదిలో ప్రతి పిల్లవాడూ బుద్ధిమంతుడే. వీడి దీపాలు అయిపోయి నావి మిగిలినప్పుడు కదా తెలిసేది.

అందుకని ఆ తర్వాత జాగ్రత్తగా ఆడాను. వాడు చెప్పినట్టే ఆగి, చెప్పినప్పుడే దూకాను. వంతెన విరిగేచోట తను ముందు వెళ్ళి దారి చూపించాడు. అలా చూపిస్తూ రెండుమూడుసార్లు పడ్డాడు. అయిదో వంతెన దగ్గర వాడి ఆఖరి దీపం ఆరిపోయింది. నావి ఇంకా వెలుగుతున్నాయి.

నేను ఆడటం ఆపేశాను. తెర వైపు చూడలేదు, వాడి బొటనవేలి వైపు చూశాను. ఇప్పుడు కదులుతుంది అనుకున్నాను.

కదల్లేదు. బాలరాజు రిమోట్‌ను చాపిన కాలి మీద పెట్టి, ఊరికే చూస్తూ కూర్చున్నాడు.

"నాయి ఉన్నయి గదా" అన్నాను.

"ఉన్నయక్కా."

"తీస్కోరాదు?"

వాడు నా వైపు అర్థం కానట్టు చూశాడు. అప్పుడు నేను ఆ రిమోట్‌ను సరిగా చూశాను. నా చేతిలో ఉన్నదానికి ఎడమ పక్క కూడిక గుర్తు, కుడి పక్క రెండు గుండ్రటి బటన్లు, నడుమ రెండు సన్నటి బటన్లు ఉన్నాయి. వాడిదానికి కూడిక గుర్తు ఉంది, గుండ్రటి బటన్లు ఉన్నాయి. నడుమ ఏమీ లేదు. నున్నటి ప్లాస్టిక్, అంతే.

చేతిలోంచి లాక్కున్నాను. వేలితో తడిమాను. బటన్ ఊడిపోయిన గుర్తు ఏమైనా ఉందేమోనని వెనక్కి తిప్పి చూశాను. రిమోటే మార్చి ఉంటారేమోనని వైరు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళాను. వైరు డబ్బాలోంచే వచ్చింది, ఊడదీసి మార్చడానికి పిన్ను లేదు. రెండో రిమోట్ అలాగే పుట్టింది. ఉప్పల్ గేమ్ షాపులో మంచి డబ్బాలు, రెండు రిమోట్లకూ అన్ని బటన్లూ ఉండి ఉంటాయి. మా ఇంట్లో మాత్రం తన దీపాలు అయిపోయి తీసుకోవాలన్నా, పక్కవాడివి అయిపోతే ఇవ్వాలన్నా బటన్ ఒకటే, అది మొదటి రిమోట్ పట్టుకున్నవాడి చేతిలోనే. ఫణీంద్ర రెండోది ఎప్పుడూ ముట్టుకోలేదు.

"ఇది మొదటి సంది గిట్లనే ఉన్నదా?"

"షురువుకెళ్ళి గంతే అక్కా. సస్తా డబ్బా గదా."

"మరి లైఫ్ దొంగ అంటుంటే జెప్పలేదేంది?"

"జెప్పిన. ఫణిగాడు కిటికీలకెళ్ళి టీవీ సూస్తడు గానీ అన్న చేతులు సూడడు గదా. అన్నేమో నవ్వేటోడు. 'అననియ్‌రా, నీకు గా పేరన్న ఉన్నది' అనేటోడు."

ఆ గొంతు వాడి నోట్లోంచి అచ్చం సురేష్ గొంతులాగే వచ్చింది. నేను కిటికీ వైపు తిరిగాను. తర్వాత అడిగాను.

"హెల్మెట్ సంగతి జెప్పు."

బాలరాజు చాప అంచు పీకడం మొదలుపెట్టాడు. "నారపల్లిల చాయ్ తాగినం. చాయ్ తాగేటప్పుడు అన్న హెల్మెట్ తీసి నాకు పట్టుకోమని ఇచ్చిండు. అన్న బండి స్టార్ట్ జేసిండు. నేనింకా హెల్మెట్ చేతిలనే పట్టుకున్న. 'పెట్టుకో' అన్నడు. పెట్టుకున్న."

"అంతేనా?"

"అంతే అక్కా. ఎందుకని అడగలే." చాప పుల్ల ఒకటి విరిచాడు. "మళ్ళ నీకే ఇయ్యాల్నా అన్నా అని గూడ అడగలే."

ఒక మనిషి ప్రాణం అటు నుంచి ఇటు మారడానికి ఇంత చిన్న కారణమా? నాకు నమ్మబుద్ధి కాలేదు. అబద్ధం చెప్పేవాడైతే ఇంతకన్నా మంచి కారణమే చెప్పేవాడు అనిపించింది. ఆ సంగతి వాడికీ తెలిసే ఇలా చెబుతున్నాడేమో అని కూడా వెంటనే అనిపించింది.

తెర మీద నా నీలం మనిషి ఒక్కడే వంతెన మీద నిలబడి ఉన్నాడు. నడుమ బటన్ నొక్కాను. ఎర్రవాడు లేచాడు. బాలరాజు మోచేత్తో కళ్ళు తుడుచుకుని రిమోట్ తీసుకున్నాడు. ఆ వంతెన ఇద్దరం దాటలేకపోయాం.

సాయంత్రం మా ఆయనకు రెండు రిమోట్లూ చేతిలో పెట్టి చూపించాను. తిప్పితిప్పి చూశాడు.

"అయితే? గేమ్‌ల బటన్ లేకపోతే రోడ్డు మీద బండి నడపలేదనా?"

"కాదు. కానీ గా స్వభావం అన్న మాట అబద్ధం. అది కొట్టెయ్. కొట్టేసినంక ఏం మిగుల్తదో సదువు."

పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేశాడు. చదివాడు. సురేష్ మీద మా ఆయనకు ప్రేమ తక్కువేమీ కాదు. బండి నేర్పింది ఆయనే. అందుకే సురేష్ జారిపడ్డాడన్న మాట ఆయనకు మింగుడు పడదు.

"మిగిలింది సాలు" అన్నాడు. "హెల్మెట్ వాని తల మీద ఉన్నది. ఎన్క కూసున్నోడు ఏ ఊళ్ళనన్న హెల్మెట్ పెట్టుకుంటడా? నువ్వే జెప్పు టీచరమ్మా."

రిమోట్ల వైర్లు చుట్టి రబ్బరుబ్యాండు వేశాను.

తెల్లారి ఇద్దరం స్కూటర్ మీద స్టేషన్‌కు వెళ్ళాం. మా ఆయన కాగితాన్ని మళ్ళీ శుభ్రంగా రాసి తెచ్చాడు, ఆ వాక్యం లేకుండా. ఎస్సై పెన్ను మూత తీసి ఇచ్చాడు. చదివాను. మళ్ళీ చదివాను. ప్రతి వాక్యమూ వ్యాకరణ దోషం లేకుండానే ఉంది. కింద నా పేరు రాయవలసిన చోటు ఖాళీగా ఉంది.

పెన్ను బల్ల మీద పెట్టేశాను.

"అనుమానం లేదా మేడం?"

"ఉన్నది సార్. సంతకం పెట్టేంత లేదు."

మా ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఎస్సై నిట్టూర్చి, "మనసు మారితే రేపటి లోపల రాండ్రి. ఎల్లుండి ఫైల్ పోతది" అన్నాడు. కానిస్టేబుల్ లోపలి నుంచి హెల్మెట్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. "దీంతోని మాకు పని లేదు, తీస్కపోండ్రి" అన్నాడు. ఒక పక్క నీలం రంగు గీసుకుపోయి తెల్లగా తేలింది. ఆ తెలుపు మీద వేలు పెట్టలేకపోయాను.

బయటికి వచ్చాక మా ఆయన కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. స్కూటర్ రెండు తన్నులు తన్ని స్టార్ట్ చేశాడు. నేను వెనక ఒకవైపుకు కూర్చున్నాను. ఒక చేతిలో బ్యాగు, ఒళ్ళో హెల్మెట్. బండి కదలగానే హెల్మెట్ ఒళ్ళోంచి జారబోయింది. దాన్ని పట్టుకోబోయి బ్యాగు వదిలేశాను. అది భుజం మీది నుంచి మోచేతికి వేలాడింది. స్కూటర్ ఊగింది.

"ఏందది?" అన్నాడు వెనక్కి తిరగకుండానే.

"హెల్మెట్. చేతిల ఆగుతలేదు."

"పట్టుకుంటే ఎట్ల ఆగుతది? పెట్టుకో."

పెట్టుకున్నాను. లోపల సురేష్ తలనూనె వాసన ఉంది. రోడ్డు చప్పుడు దూరమైపోయింది. ఒక చేత్తో వెనక ఉన్న కడ్డీ పట్టుకున్నాను. నారపల్లి వెనకబడింది. ఇళ్ళు దగ్గరయ్యాయి.

ఉప్పల్ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగాం. బస్సులు లేని రోడ్డు నిండా బండ్లే. మా ఆయన పక్కనున్న ఆటోను చూడటానికి అద్దం సరిచేసుకున్నాడు. అద్దంలో ఆయన కళ్ళు నా తల మీద ఆగాయి. అక్కడి నుంచి కదల్లేదు. హెల్మెట్ లేని తన తలను కూడా అదే అద్దంలో చూసుకున్నాడు.

పచ్చలైటు పడింది. వెనక నుంచి హారన్లు కొట్టారు. ఎవరో "ఏమయ్యా, నిద్రవోతున్నవా?" అని తిట్టుకుంటూ ముందుకు పోయాడు. మా ఆయన ఒక చెయ్యి ఎత్తి చొక్కా జేబును తడుముకున్నాడు. తర్వాత గేరు వేశాడు.

నాచారం వైపు తిరిగాక స్కూటర్ చాలా నెమ్మదిగా నడిపాడు. ఇసుక కనబడిన చోటల్లా కాలు కింద పెట్టాడు. ఇల్లు వచ్చేదాకా నేను హెల్మెట్ తీయలేదు.